ఎవరి కథకు ఎవరి ముఖం

(ఒక ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనలో, సినిమా వేసే ముందు ఒక రిటైర్డ్ చరిత్ర లెక్చరర్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలు ఖాళీగా ఉన్నాయి, వెనక నిలబడ్డవాళ్లు వచ్చి కూర్చోండి. సినిమా మొదలవడానికి ఇంకా టైముంది.

ఇవాళ మనం చూడబోయేది 'ది కాంకరర్'. 1956లో వచ్చింది. చెంగిజ్ ఖాన్‌కు ఇంకా ఆ బిరుదు రాకముందు, తెముజిన్ అని పిలిచే రోజుల్లోని కథ. ఆ తెముజిన్ వేషం జాన్ వేన్ వేశాడు. పెద్దవాళ్లకు చెప్పక్కర్లేదు, పిల్లల కోసం చెబుతున్నా: కౌబాయ్ అనగానే ఒక తరం మొత్తానికి కళ్లముందు కదిలిన మనిషి ఆయన. ఆరడుగుల పైచిలుకు ఎత్తు, ఒక పక్కకు ఒరుగుతూ నడిచే నడక, సాగదీసి పలికే మాట. ఆ మనిషికి పెదవి కొసల నుంచి కిందికి వేలాడే మీసం అతికించి, కళ్లు సన్నగా కనబడేలా మేకప్ వేసి, మంగోల్ సేన ముందు గుర్రం మీద కూర్చోబెట్టారు. షూటింగ్ నాటికి ఆయనకు 47 ఏళ్లు. సినిమాలో తల్లి వేషం వేసిన ఆగ్నెస్ మూర్‌హెడ్‌కీ ఆయనకీ వయసులో ఏడేళ్లు కూడా తేడా లేదు.

పాత్రకు నప్పని నటుడి గురించి ఎక్కడ మాట వచ్చినా ముందు ఈ సినిమా పేరే చెబుతారు. చాలామంది దీన్ని నవ్వుకోవడానికి చూస్తారు. నేను మాత్రం నవ్వుకోవడానికి వేయమని అడగలేదు. చరిత్ర పాఠం చెప్పి బతికినవాణ్ణి. ఈ సినిమా గురించి చదివే కొద్దీ నాకు బాధే పెరిగింది. ఆ బాధ ఏమిటో మీకు చెప్పి, తర్వాత సినిమా చూపిద్దామని వచ్చాను.

నేనూ ఈ పెద్ద సినిమాలు చూసే పెరిగాను. వరంగల్‌లో చిన్నప్పుడు మార్నింగ్ షోకి ఇంగ్లీషు సినిమా వేసేవాళ్లు. మాటలు అర్థమయ్యేవి కావు. అయినా మా నాన్న తీసుకెళ్లేవారు. 'టెన్ కమాండ్‌మెంట్స్'లో సముద్రం రెండుగా చీలిపోతుంటే హాలంతా గప్‌చుప్. నేను మా నాన్న చొక్కా పట్టుకుని కూర్చున్నాను. ఆ సినిమా మీద నా ప్రేమ ఇవాళ్టికీ పోలేదు. కానీ చాలా ఏళ్ల తర్వాత బైబిల్లో నిర్గమకాండం చదివితే అందులో ఈజిప్టు రాజు ఫరోకి పేరే లేదు. రామెసేసు అనే మాట ఉంది, కానీ అక్కడ అది ఊరి పేరు. ఆ ఫరో రెండో రామెసెస్ అయి ఉండొచ్చని కొందరు పండితులు ఊహించారు. ఊహ వేరు, గ్రంథం వేరు. నాకు మాత్రం ఫరో అంటే రామెసెస్, రామెసెస్ అంటే సినిమాలో ఆ వేషం వేసిన, గుండుతో ఉన్న యూల్ బ్రిన్నర్. ఇప్పటికీ అంతే. చెరుపుదామన్నా చెరగదు.

క్లాసులో కూడా ఇదే చూశాను. రోమ్ పాఠం చెబుతూ గ్లాడియేటర్లు అనగానే, వెనక బెంచీలో ఒకబ్బాయి బొటనవేలు కిందికి తిప్పి చూపించాడు. క్లాసంతా వేళ్లు తిప్పింది. ఎక్కడ చూశావురా అంటే సినిమాలో సార్ అన్నాడు. ఆ సినిమాకి ఎక్కడి నుంచి వచ్చింది? 1872లో జెరోమ్ అనే ఫ్రెంచి చిత్రకారుడు వేసిన బొమ్మ నుంచి. లాటిన్ రచనల్లో 'తిప్పిన బొటనవేలు' అని మాత్రమే ఉంది. పైకా, కిందికా, పక్కకా, స్పష్టంగా లేదు. జెరోమ్ కిందికి వేశాడు. అంతే, సినిమాలన్నీ దాన్నే పట్టుకున్నాయి. 2000లో వచ్చిన 'గ్లాడియేటర్' సినిమాకి దర్శకుణ్ణి ఒప్పించడానికి నిర్మాతలు ఆయనకు చూపించింది కూడా ఆ బొమ్మనే. మనకు రవివర్మ బొమ్మలు ఎలాగో వాళ్లకు జెరోమ్ బొమ్మలు అలాగ. మన లక్ష్మీ సరస్వతులు క్యాలెండర్లోకి, క్యాలెండర్ నుంచి పౌరాణిక సినిమాలోకి ఆ చీరకట్టుతోనే నడిచొచ్చారు కదా. ఒక చిత్రకారుడు మనసుపెట్టి వేసిన బొమ్మ వందేళ్లకు అందరి జ్ఞాపకం అయిపోతుంది.

ఇలాంటి పొరపాట్లు వెతకాలంటే సాయంత్రమంతా చాలదు. 1963 'క్లియోపాత్రా'లో ఆమె రోమ్‌లో ప్రవేశించే తోరణం కాన్‌స్టంటైన్ చక్రవర్తి తోరణం నమూనాలో ఉంటుంది. ఆ తోరణం కట్టింది ఆమె చనిపోయిన మూడున్నర శతాబ్దాల తర్వాత. వీటి మీద నాకు పెద్ద పట్టింపు లేదు. రాయి తప్పయితే రాయిని మార్చి చదువుకుంటాం. మనుషుల విషయంలో జరిగే తప్పు అలా కాదు.

'బెన్ హర్' తీసుకోండి. 1959, పదకొండు ఆస్కార్లు. రథాల పందెం గురించి నేను చెప్పేదేముంది, అంత బాగా తీసినవాళ్లు తర్వాత లేరు. కానీ ఓడ అడుగున గొలుసులతో కట్టేసిన బానిసలు, డప్పు దెబ్బకు తెడ్లు లాగుతుంటారే, ఆ దృశ్యం రోమన్ చరిత్రది కాదు. రోమన్ యుద్ధనౌకల్లో తెడ్లు వేసినవాళ్లు మామూలుగా జీతం తీసుకునే స్వతంత్రులు. ఈజిప్టు, సిరియా వంటి రాష్ట్రాల పేదింటి కుర్రాళ్లు. 26 ఏళ్లు నౌకాదళంలో పనిచేస్తే చివర రోమన్ పౌరసత్వం వచ్చేది. ఆ పత్రాన్ని కంచురేకుల మీద చెక్కి ఇచ్చేవాళ్లు. మధ్యధరా సముద్రంలో ఖైదీల్నీ బానిసల్నీ ఓడలకు గొలుసులేసి కట్టడం విరివిగా సాగింది పదిహేనో, పదహారో శతాబ్దాల నుంచి. ఈ పొరపాటు 1880 నాటి నవలలోనే ఉంది, సినిమా దాన్ని మనందరి కళ్లలో ముద్ర వేసింది. ఆలోచించండి. పాతికేళ్లు ఉద్యోగం చేసి, చివరికి తన పిల్లలకు పౌరసత్వం సంపాదించి పెట్టిన ఒక నావికుడు ఉన్నాడు. అతను జ్ఞాపకంలోంచి పోయాడు. కొరడా దెబ్బలు తినే వీపు ఒక్కటే మిగిలింది.

అదే సినిమాలో రథాల గుర్రాల యజమాని, అరబ్బు షేక్. ఆ వేషం వేల్స్ నటుడు హ్యూ గ్రిఫిత్, ముఖానికి గోధుమరంగు పూసుకుని వేశాడు. సహాయనటుడి ఆస్కార్ ఆయనకే వచ్చింది. 1966 'ఖార్టూమ్'లో సూడాన్ నాయకుడు మహ్దీగా లారెన్స్ ఒలివియర్, ఆయనా రంగు పూసుకున్నాడు. చరిత్రలో బ్రిటిష్ సేనాని గోర్డన్, మహ్దీ ఒక్కసారి కూడా కలుసుకోలేదు, ఉత్తరాలు రాసుకున్నారు. సినిమాలో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటారు. '55 డేస్ ఎట్ పీకింగ్'లో చైనా రాజమాత త్సీషీగా ఇంగ్లండ్ నటి ఫ్లోరా రాబ్సన్. షూటింగ్ స్పెయిన్‌లో. చైనావాళ్లు గుంపులో ఉంటారు.

భాష సంగతి కూడా చెప్పాలి. ఈ సినిమాల్లో అందరికీ ఇంగ్లీషే. అది తప్పదు, మన 'మాయాబజార్'లో శ్రీకృష్ణుడు తెలుగు మాట్లాడలేదా? నేను మాట్లాడేది యాస గురించి. 'స్పార్టకస్'లో రోమన్ పెద్దలు చాలావరకు బ్రిటిష్ నటులు, బానిసలు చాలావరకు అమెరికన్లు. కావాలనే అలా పెట్టారు, తెలివైన ఏర్పాటే. కానీ ఆ తరహా సినిమాలన్నిటిలో యాసే కులం అయిపోయింది. దొరకు ఒక యాస, కూలికి ఒక యాస, దుర్మార్గుడికి ఒక యాస. తెలంగాణలో పుట్టినవాణ్ణి కాబట్టి నాకిది తొందరగా తగులుతుంది. మా ఇంట్లో మా అమ్మ మాట్లాడే మాట తెరమీద ఎన్ని దశాబ్దాలు రౌడీ నోట్లోనూ పనివాళ్ల నోట్లోనూ మాత్రమే వినబడిందో మీకు తెలుసు. ఇప్పుడిప్పుడే హీరో నోట్లో వింటున్నాం.

స్పార్టకస్ చావు గురించి ఒక్క మాట. సినిమాలో శిలువ మీద చనిపోతాడు, భార్య బిడ్డను ఎత్తి చూపిస్తుంది. కన్నీళ్లు పెట్టించే ఘట్టం. చరిత్రలో క్రీస్తుపూర్వం 71లో అతను యుద్ధంలోనే చనిపోయాడు. శవం దొరకలేదని ప్రాచీన చరిత్రకారుడు అప్పియన్ రాశాడు. శిలువ వేసింది పట్టుబడిన ఆరువేల మందిని, కపువా నుంచి రోమ్ దాకా రోడ్డు పొడవునా. కథానాయకుడికి ఒక ముఖం, ఒక వీడ్కోలు దక్కాయి. ఆ ఆరువేలమంది దారి పక్కన వరసగా మిగిలారు.

ఇప్పుడు, ఇలా ఎందుకు చేశారు? తెలియకనా? తెలియక కాదు. స్టూడియోల్లో పరిశోధన విభాగాలు ఉండేవి. చరిత్రకారుల్ని పిలిచి జీతమిచ్చి పెట్టుకున్నారు. అసలు కారణాలు రెండున్నాయి.

ఒకటి డబ్బు. 1946లో అమెరికాలో సినిమా హాళ్లకు వెళ్లిన జనం, పదేళ్లకు దాదాపు సగమైపోయారు. టీవీ ఇంట్లోకి వచ్చింది. టీవీలో చూపలేనిది చూపించాలి. అందుకని తెర వెడల్పు చేశారు. 1953లో 'ది రోబ్' సినిమాతో సినిమాస్కోప్ వచ్చింది. వెడల్పాటి తెర నిండాలంటే సైన్యాలు కావాలి, కోటలు కావాలి. వాటికి కోట్లు కావాలి. 'క్లియోపాత్రా'కి ఖర్చు 4 కోట్ల డాలర్లు దాటింది, ఫాక్స్ స్టూడియో దివాలా అంచుదాకా వెళ్లింది. అంత డబ్బు పెట్టేవాడికి పోస్టర్ మీద తెలిసిన ముఖం ఉంటేనే ధైర్యం. కాబట్టి ముందు ముఖాన్ని ఖాయం చేస్తారు, కథను ఆ ముఖానికి కుడతారు.

రెండోది ఇంకా లోతైనది, రాతపూర్వకంగా ఉన్నది. 1934 నుంచి గట్టిగా అమలైన ప్రొడక్షన్ కోడ్, అంటే తెరమీద ఏది చూపవచ్చో ఏది చూపకూడదో హాలీవుడ్ తనకు తాను పెట్టుకున్న నియమావళి. అందులో తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ మధ్య సంబంధం చూపరాదని రాసుంది. ఆచరణలో స్టూడియోలు దాన్ని ఆసియావాళ్లకూ వర్తింపజేశాయి. 'ది గుడ్ ఎర్త్' 1937లో వచ్చింది. చైనా రైతు కుటుంబం కథ. భర్త వేషానికి పాల్ మునీని తీసుకున్నారు. అమెరికాలో పుట్టిన చైనా నటి అన్నా మే వాంగ్‌కి అప్పటికి మంచి పేరుంది. భార్య ఓలాన్ వేషం ఆమె మనసుపడ్డ వేషం. కానీ మునీ తెల్లవాడు కాబట్టి ఆమెను అతని పక్కన భార్యగా నిలబెట్టడానికి స్టూడియో ఒప్పుకోలేదు. ఆ వేషం లూయీజ్ రైనర్‌కి ఇచ్చారు, ఆమెకు ఆస్కార్ వచ్చింది. వాంగ్‌ను ఇంట్లో చిచ్చుపెట్టే రెండో ఆడదాని వేషం వేయమన్నారు. చైనా రక్తం ఉన్న తనకు ఆ ఒక్క చెడ్డ వేషమా అని కాదనుకుంది. 1936లో చైనా వెళ్లింది, తన పూర్వీకుల గడ్డను చూడ్డానికి. 2022లో అమెరికా ప్రభుత్వం పావు డాలర్ నాణెం మీద ఆమె బొమ్మ వేసింది. ఆ నాణెం నా స్నేహితుడి కొడుకు తెచ్చిచ్చాడు, ఇదిగో. తర్వాత అందరూ చేతిలోకి తీసుకుని చూడండి. చెయ్యి చెంపకు ఆనించుకుని ఉంటుంది.

మన దేశం గురించి కూడా ఒకటి చెప్పాలి. 1936లో 'ది చార్జ్ ఆఫ్ ది లైట్ బ్రిగేడ్' తీశారు. క్రిమియాలో బాలక్లావా దగ్గర, 1854 అక్టోబర్ 25న ఆరువందల పైచిలుకు బ్రిటిష్ గుర్రపు దళం రష్యన్ ఫిరంగుల మీదికి వెళ్లి నాశనమైంది. కారణం సేనాధిపతుల మధ్య ఆజ్ఞలు అర్థం కాకపోవడం. దాని మీద ఇంగ్లీషు కవి టెన్నిసన్ రాసిన పద్యం చదివిన ప్రతి బడిపిల్లవాడికీ తెలిసిన సంగతే. సినిమాలో కారణం ఏమిటంటే ఇండియాలో సూరత్ ఖాన్ అనే కల్పిత రాజు బ్రిటిష్ ఆడవాళ్లనీ పిల్లల్నీ చంపిస్తాడు. తర్వాత రష్యన్ల పక్కన చేరి క్రిమియాలో ఉంటాడు. అతని మీద పగ తీర్చుకోవడానికి హీరో దళాన్ని తీసుకుని దూకుతాడు. ఆ హత్యాకాండను 1857 కాన్పూరు నుంచి తీసుకుని, మూడేళ్ల ముందు జరిగిన యుద్ధానికి కారణంగా పెట్టారు. సేనాధిపతుల తప్పు చరిత్రలోంచి మాయమైంది. ఆ తప్పు మోయడానికి గడ్డం, తలపాగా ఉన్న ఒక మనిషి దొరికాడు. ఆ షూటింగులో గుర్రాల కాళ్లకు తీగలు అడ్డం కట్టి పడేసేవాళ్లు. చాలా గుర్రాలు చచ్చిపోయాయి.

సరే, మన సినిమాకి వద్దాం.

చెంగిజ్ ఖాన్ గురించి మంగోలులు స్వయంగా రాసుకున్న గ్రంథం ఉంది. 'మంగోలుల రహస్య చరిత్ర' అంటారు. అతను పోయిన కొద్ది కాలానికే, పదమూడో శతాబ్దంలో రాశారు. అందులో తెముజిన్ పెళ్లి కథ ఇలా ఉంటుంది. కాస్త నిదానంగా చెబుతాను.

తెముజిన్‌కు తొమ్మిదేళ్లప్పుడు తండ్రి యెసుగెయ్ పిల్లను చూడ్డానికి తీసుకెళ్లాడు. ఒంగిరాత్ తెగలో బోర్తె అనే పిల్ల కుదిరింది. ఇతనికన్నా ఒక ఏడాది పెద్ద. తిరుగుదారిలో తాతార్లు యెసుగెయ్‌కు విషం పెట్టారు. తండ్రి పోగానే తెగ మొత్తం ఈ తల్లీపిల్లల్ని వదిలేసి గుడారాలు ఎత్తుకుని వెళ్లిపోయింది. తల్లి హోయెలున్ దుంపలు తవ్వి, అడవికాయలు ఏరి పిల్లల్ని పెంచింది. పెద్దయ్యాక వెళ్లి బోర్తెను పెళ్లాడి తెచ్చుకున్నాడు.

కొన్నాళ్లకు ఒక తెల్లవారుజామున, ఇంట్లో పనిచేసే ముసలమ్మ ఖోఅగ్చిన్‌కు నేల అదురుతున్నట్టు తెలిసింది. గుర్రాలు వస్తున్నాయి. అందర్నీ లేపింది. తెముజిన్ ఒక గుర్రం ఎక్కాడు, తల్లి ఎక్కింది, తమ్ముళ్లు ఎక్కారు, తోడొచ్చినవాళ్లు ఎక్కారు. ఒక గుర్రాన్ని వెంట నడిపించుకుపోవడానికి ఉంచుకున్నారు. బోర్తెకు గుర్రం లేకపోయింది. గ్రంథం ఆ మాట దాచలేదు. ముసలమ్మ ఆమెను మూసిన బండిలో దాచి, ఎద్దును కట్టి తోలుకుపోయింది. దాడికి వచ్చిన మెర్కిత్ తెగవాళ్లు ఎదురై ఎవరివి అని అడిగితే, గొర్రెలకు ఉన్ని తీయడానికి వచ్చాను, ఇంటికి పోతున్నాను అంది. వాళ్లు ముందుకు పోయారు. తొందరగా పోదామని ఎద్దును అదిలించింది, బండి ఇరుసు విరిగిపోయింది. అంతలో వాళ్లు తిరిగొచ్చారు. బండిలో ఏముంది అన్నారు. ఉన్ని అంది. కుర్రాళ్లు దిగి చూశారు.

మెర్కిత్‌లు అలా ఎందుకొచ్చారు? ఏళ్ల కిందట యెసుగెయ్ వాళ్ల మనిషి దగ్గరి నుంచి హోయెలున్‌ను ఎత్తుకొచ్చాడు. దానికి ఇప్పుడు బదులు తీర్చుకున్నారు.

తెముజిన్ ఆ వేళ బుర్ఖాన్ ఖల్దూన్ కొండమీద దాక్కున్నాడు. వాళ్లు వెళ్లిపోయారని నిర్ధారణ అయ్యాక కిందికి దిగి, పేనులాంటి నా ప్రాణాన్ని ఈ కొండ కాపాడింది అన్నాడు. నడికట్టు తీసి మెడలో వేసుకుని, టోపీ చేతికి తగిలించుకుని, సూర్యుడికి ఎదురుగా తొమ్మిదిసార్లు మోకరిల్లాడు. తర్వాత వెళ్లి సాయం అడుక్కున్నాడు. కెరెయిత్ తెగ నాయకుడు తొగ్రుల్ ఖాన్ వచ్చాడు, చిన్ననాటి నేస్తం జముఖా వచ్చాడు. రాత్రిపూట మెర్కిత్‌ల మీద పడ్డారు. జనం చీకట్లో పారిపోతుంటే తెముజిన్ ఆ గుంపుల మధ్య బోర్తె, బోర్తె అని పిలుస్తూ తిరిగాడు. ఆ గొంతు విని ఆమె బండి దిగి పరుగెత్తుకొచ్చి అతని గుర్రం కళ్లెం పట్టుకుంది. వెన్నెల ఉంది. అతను చూసి ఆమేనని పోల్చుకున్నాడు. కొద్దికాలానికి మొదటి కొడుకు జోచి పుట్టాడు. అతను ఎవరి బిడ్డ అన్న మాట ఆ ఇంట్లో జీవితాంతం వినబడింది. తెముజిన్ మాత్రం అతన్ని తన పెద్దకొడుకుగానే చూశాడు.

ఇది ఏడువందల ఏళ్లుగా ఉన్న కథ. ఇప్పుడు సినిమాలో ఏముందో చెబుతా. బోర్తె పేరు ఇందులో బోర్తాయ్, తాతార్ రాజు కూతురు. మెర్కిత్ నాయకుడితో పోతుంటుంది. తెముజిన్ దాడిచేసి ఆమెను బలవంతంగా ఎత్తుకొస్తాడు. ఆమె మొదట అసహ్యించుకుంటుంది, తర్వాత ప్రేమిస్తుంది. అంతే.

ఎత్తుకుపోబడిన భార్యను వెతుక్కున్న మనిషిని ఎత్తుకొచ్చినవాణ్ణి చేశారు. తండ్రి చేసిన పని తెచ్చి కొడుక్కు అంటగట్టారు. ఎందుకని చాలాకాలం ఆలోచించాను. నాకు తట్టింది ఇది: జాన్ వేన్ భార్యకు గుర్రం లేకుండా వదిలేసి కొండెక్కి దాక్కోడు. భయపడ్డాను అని చెప్పుకోడు. సాయం అడుక్కోడు. ఆయన్ని తీసుకున్న రోజే ఆ కథ తీయడానికి వీల్లేకుండా పోయింది. నప్పని నటుణ్ణి తీసుకోవడం ఒక తప్పు, చరిత్రను మార్చడం ఇంకో తప్పు అని విడివిడిగా చెబుతారు. నాకు అవి రెండూ ఒకే తప్పు. ముఖం ముందు వచ్చింది, చరిత్ర దానికి తగ్గట్టు వంగింది.

అడగండి అమ్మా. (సభలో ఒకరి ప్రశ్న.) నటన అంటేనే ఇంకొకరిగా మారడం కదా, ఎవరి జాతివాళ్లు వాళ్ల వేషమే వేయాలంటే నటన ఎక్కడిది అంటున్నారు. మంచి ప్రశ్న. 1955లో మన 'అనార్కలి'లో ఎస్వీ రంగారావు గారు అక్బర్ వేశారు. ఆ గంభీరం చూసి మనందరం నమ్మాం. ఆ మాటకొస్తే అనార్కలి కథకే చరిత్రలో గట్టి ఆధారం లేదు. నేను రంగారావు గారిని తప్పుపట్టను. అయితే అక్బర్ వేషాలు హిందీలోనూ ఉర్దూ నాటకాల్లోనూ వేసేవాళ్లు వేస్తూనే ఉన్నారు, ఆ తలుపు ఎవరికీ మూయలేదు. అన్నా మే వాంగ్‌కి తలుపు మూశారు. పాల్ మునీ చైనావాడు కావచ్చు, ఆమె మాత్రం ఎవరూ కాకూడదు. ఒకవైపే తెరుచుకునే తలుపు అది. తెరిచినప్పుడు ఏమవుతుందో కూడా చూశాం. 1962 'లారెన్స్ ఆఫ్ అరేబియా'లో ఫైసల్ రాకుమారుడిగా అలెక్ గిన్నెస్ ఉన్నాడు నిజమే, కానీ ఎడారిలో దూరం నుంచి చుక్కలా వచ్చే ఆ గుర్తుండిపోయే మనిషి ఈజిప్టు నటుడు ఒమర్ షరీఫ్. ఆ ఎడారిలో తప్పిపోయిన గాసిమ్ మన ఐ.ఎస్. జోహార్. ఆయన ముఖం కాసేపే కనబడుతుంది, మర్చిపోలేం.

ఇంకో సంగతి చెప్పి ముగిస్తా. అసలు నేను ఇవాళ నిలబడింది దీని కోసం.

ఈ సినిమా 1954 వేసవిలో యూటా రాష్ట్రంలో, సెయింట్ జార్జ్ ఊరి దగ్గర స్నో కాన్యన్ ఎర్రమట్టి లోయల్లో తీశారు. గోబీ ఎడారిలా ఉంటుందని. అంతకుముందు ఏడాది, 1953లో, పక్క రాష్ట్రం నెవాడాలో ప్రభుత్వం పదకొండు అణుపరీక్షలు చేసింది. గాలి ఈ ఊరి వైపు వీచింది. ఆ ఏడాది మే 19న పేల్చిన బాంబు బూడిద ఊరి మీద పడింది. ఆ లోయల్లో వారాల తరబడి గుర్రాలు పరుగెత్తించి, ఫ్యాన్లతో దుమ్ము రేపి తీశారు. తర్వాత స్టూడియోలో మిగతా సీన్లకు రంగు కలవాలని అదే మట్టి అరవై టన్నులు లారీల్లో హాలీవుడ్‌కి తీసుకెళ్లారు.

దర్శకుడు డిక్ పవెల్ 1963లో క్యాన్సర్‌తో పోయాడు. జముఖా వేషం (సినిమాలో జముగా) వేసిన మెక్సికన్ నటుడు పెద్రో ఆర్మెందారిస్ తనకు క్యాన్సర్ అని తెలిసి అదే ఏడాది ప్రాణం తీసుకున్నాడు. ఆగ్నెస్ మూర్‌హెడ్ 1974లో, బోర్తాయ్ వేసిన సూజన్ హేవార్డ్ 1975లో, జాన్ వేన్ 1979లో, అందరూ క్యాన్సర్‌తోనే. 1980లో 'పీపుల్' పత్రికవాళ్లు లెక్క తీశారు. 220 మంది యూనిట్‌లో 91 మందికి క్యాన్సర్, వాళ్లలో 46 మంది మరణం. నేను న్యాయంగా చెప్పాలి, ఆ మట్టి వల్లే అని ఎవరూ నిరూపించలేదు. వీళ్లలో చాలామంది విపరీతంగా సిగరెట్లు తాగారు. అంతమంది పెద్దవాళ్లలో ఆ నిష్పత్తి మామూలుగా కూడా రావచ్చని చెప్పినవాళ్లున్నారు.

నన్ను పట్టి కుదిపింది అది కాదు. ఆ లెక్కలో ఎవరు లేరు అన్నది.

జాన్ వేన్ వెనక గుర్రాల మీద మంగోల్ సైన్యంగా కనబడేవాళ్లు మంగోలులు కారు. ఆ చుట్టుపక్కల ఉండే పాయూట్ తెగ ఆదివాసులు. కొన్ని వందల మంది. ఆ నేల వాళ్లదే. యూనిట్ వేసవి అయ్యాక వెళ్లిపోయింది, వాళ్లు అదే మట్టిలో ఉండిపోయారు. 220 మంది లెక్కలో వాళ్లను కలపలేదు. షూటింగ్ జరిగిన అదే 1954లో, సెప్టెంబర్ ఒకటిన, యూటాలోని పాయూట్ తెగల ప్రభుత్వ గుర్తింపును రద్దుచేస్తూ చట్టం వచ్చింది. తెగగా వాళ్లు ఇక లేరన్నారు. ఆ గుర్తింపు తిరిగి రావడానికి 1980 దాకా పట్టింది. ఒక దేశం తన ఆదివాసుల్ని కాగితం మీద లేకుండా చేస్తున్న వేసవిలోనే వాళ్లను ఇంకో జాతిగా తెరమీద నిలబెట్టి, ఒక కౌబాయ్ నటుడి వెనక పరుగెత్తించారు.

అదే కాలంలో అసలు మంగోలియాలో కూడా చెంగిజ్ ఖాన్ గురించి నోరు విప్పలేని పరిస్థితి. సోవియట్ ప్రభావం కింద ఉన్న దేశం. 1962లో అతని ఎనిమిది వందల జయంతికి ఒక స్మారకం కట్టి, తపాలా బిళ్లలు వేశారు. దాన్ని నడిపించిన తోమొర్-ఒచిర్ అనే నాయకుణ్ణి పదవి నుంచి తీసేశారు. చెంగిజ్ ఖాన్ పేరు అతని సొంత గడ్డ మీద చెప్పుకోవడానికి వీల్లేని రోజుల్లో ప్రపంచమంతా అతన్ని జాన్ వేన్ ముఖంతో చూసింది.

నిర్మాత హోవర్డ్ హ్యూస్ తర్వాత ఈ సినిమా కాపీలన్నీ కొనేసి తన దగ్గర పెట్టుకున్నాడు. చాలా ఏళ్లు ఎవరికీ చూపలేదు. 

టైమైంది. లైట్లు తీయమని చెబుతున్నాను. ఒక్క కోరిక. జాన్ వేన్ మాట్లాడేటప్పుడు మీ చూపు ఆయన మీదికే పోతుంది, కెమెరా అలాగే పెట్టారు. మొదటి దాడి సీను వచ్చినప్పుడు మాత్రం ఆయన భుజం పక్కనుంచి వెనక్కి చూడండి. దుమ్ములో, బొచ్చు టోపీలు పెట్టుకుని, గుర్రాల మీద కొందరు ఉంటారు. కొందరి ముఖాలు రెండు మూడు క్షణాలు స్పష్టంగా కనబడతాయి.